ముగ్గులో నడిచుక్క

సికింద్రాబాదు నుంచి బాపట్ల వెళ్లే రైలులో కూర్చుని ఇది రాస్తున్నాను. కింది బెర్తు మీద అమ్మ కుడికంటికి ప్లాస్టిక్ మూత పెట్టుకుని నిద్రపోతోంది. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి. ఇంటికి వెళ్లి రాద్దామంటే పనుల్లో పడిపోతానని భయం.

కృతజ్ఞత చెప్పవలసింది ఒక అమ్మాయికి. హైదరాబాదులో మేము వెళ్లిన కంటి ఆసుపత్రిలో స్కాను గదిలో పనిచేస్తుంది. పాతికేళ్లు కూడా ఉండవు. పేరు రాస్తానంటే వద్దంది. ఆసుపత్రి పేరు రాసినా తనెవరో తెలిసిపోతుంది కనుక అదీ రాయడం లేదు.

సంక్రాంతి రోజుల్లో అమ్మ వాకిట్లో చుక్కలు పెడుతూ ఆగిపోయి, "వరుస వంకరపోతోందే" అంది. చూస్తే చుక్కలు తిన్నగానే ఉన్నాయి. డెబ్బై రెండేళ్ల మనిషి, చెయ్యి వణికి ఉంటుంది అనుకున్నాము. వారం తరువాత ద్వారబంధం మధ్యలో విరిగినట్టు కనిపిస్తోందని అంది. శుక్లాల ఆపరేషను అయి నాలుగేళ్లయింది కదా, అద్దాలు మార్చాలేమో అనుకున్నాము. ఆ రెండు వారాలు తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ఊళ్లో డాక్టరుగారు చూసి, కంటి వెనుక, నడిమి చూపునిచ్చే మాక్యులా దగ్గర ఏదో ఉంది, ఓసీటీ అనే స్కాను తీయించమన్నారు. ఈ స్కానులో సూది ఉండదు, కంటికి ఏదీ తాకదు. పొట్టకు ధ్వనితో స్కాను తీస్తారు కదా, దీన్ని కాంతితో తీస్తారు. పరారుణ కాంతి లోపలికి వెళ్లి, కంటి వెనుక చూపును పట్టే రెటీనాలోని ఏ పొర నుంచి ఎలా తిరిగి వస్తోందో కొలిచి యంత్రం బొమ్మ కడుతుంది. పావు మిల్లీమీటరు మందం ఉండే రెటీనా, అడ్డంగా కోసి పరిచినట్టు పొరలు పొరలుగా కనిపిస్తుంది. 1991లో అమెరికాలోని ఎంఐటీలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, వారి తోటివారు ఈ పద్ధతిని ప్రకటించారట. నిన్న రాత్రి నిద్ర పట్టక చదివాను. వారికి కూడా నా దండం.

కానీ ఆ యంత్రం ముందు మనిషి గడ్డం ఆనించి, నుదురు పట్టీకి అదిమి, లోపల కనిపించే ఆకుపచ్చ గుర్తును కదలకుండా చూడాలి. అమ్మకు నడుము వంగిపోయింది. గడ్డం ఆనితే నుదురు ఆనదు. చెవులు బాగా మందగించాయి, "పైకి చూడండి, రెప్ప వెయ్యకండి" అన్న మాట వినపడదు. అన్నిటికన్నా ముఖ్యం, జబ్బు వచ్చిన కంటికి నడిమి చూపే పోయింది. ఏ కంటికి స్కాను తీయాలో ఆ కంటికే గుర్తు కనిపించదు. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ముందు వెళ్లిన రెండు చోట్లా డబ్బు కట్టించుకున్నారు, నాలుగైదు నిమిషాలు ప్రయత్నించారు, "రోగి సహకరించలేదు" అని కాగితం మీద రాసి ఇచ్చారు. అది చదివి చెప్పమని అమ్మ అడిగితే నేను అబద్ధం చెప్పాను. ఇలా మరో మూడు వారాలు పోయాయి.

కిందటి నెల హైదరాబాదులో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది. మా వెనుక పది మందికి పైగా ఉన్నారు. ఆ అమ్మాయి ముందు అమ్మ చెయ్యి పట్టుకుంది. చక్రాలు లేని స్టూలు తెప్పించి, యంత్రాన్ని కిందికి దించి, అమ్మ వీపు వెనుక మడతపెట్టిన దుప్పటి పెట్టింది. వినపడదని తెలుసుకుని అరచేతిలో సైగలు నేర్పింది. ఒకసారి నొక్కితే కదలకూడదు, రెండుసార్లు తడితే రెప్ప వెయ్యవచ్చు. రెప్ప వెయ్యకపోతే కన్ను ఆరిపోతుందట, ఆరితే బొమ్మ మసకబారుతుందట. అందుకని మధ్యమధ్యలో చుక్కల మందు వేసింది. గుర్తు కనిపించడం లేదని అమ్మ అంటే, నేను ముగ్గు సంగతి చెప్పాను. అప్పుడు ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని అమ్మ చెవిలో గట్టిగా అంది: "అమ్మమ్మా, నడిచుక్క చెరిగిపోయిందనుకోండి. చుట్టూ ఉన్న చుక్కలను బట్టి అది ఎక్కడ ఉండాలో అక్కడే చూడండి."

అమ్మ అలాగే చూసింది. అప్పటికీ ఆరుసార్లు బొమ్మ చెడింది, ఏడోసారి వచ్చింది. యాభై నిమిషాలు పట్టింది. ఒక్కసారి కూడా ఆ అమ్మాయి ముఖంలో విసుగు చూడలేదు.

తెర మీద రెటీనా కింద నల్లగా చెలమలా ఉంది. అది నీరు అని తరువాత డాక్టరుగారు చెప్పారు. ఆ అమ్మాయి మాత్రం, "జబ్బు సంగతి నేను చెప్పకూడదు, డాక్టరుగారు చెబుతారు. కానీ మీ చెయ్యి వణకలేదు అమ్మమ్మా, చుక్కలు మీరు తిన్నగానే పెట్టారు" అంది. అమ్మ ఏడ్చింది. నేను గది బయటికి వచ్చేశాను.

మాక్యులా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారుతున్నాయి. వయసుతో వచ్చే జబ్బు. ఆ నాళాలను కూడా ఇప్పుడు రంగు మందు ఎక్కించకుండానే కాంతితో చూస్తున్నారు. 1961 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో అయితే చేతి నరానికి రంగు ఎక్కించాలి. అమ్మ చేతికి నరం దొరకడమే కష్టం, ఆ బాధ తప్పింది. కంట్లోకి ఇంజెక్షను ఇచ్చారు. ఇవాళ రెండోది. ఇవాళ్టి స్కానులో రెటీనా మందం 468 మైక్రాన్ల నుంచి 341కి తగ్గింది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంతకన్నా ముందు, అమ్మ గుమ్మంలో కనిపించగానే ఆ అమ్మాయి అరచెయ్యి చాపింది. నెల రోజుల్లో ఎందరిని చూసి ఉంటుందో! గుర్తుపెట్టుకుంది. నాకు మాట రాలేదు, థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు. ఈ రాత అందుకే.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఇంజెక్షన్ల మధ్య నెలనెలా మా ఊరి దగ్గరే స్కాను తీయించుకోవచ్చేమో అని అడిగాను. ఒక కంపెనీ యంత్రం కొలత మరో కంపెనీ యంత్రం కొలతతో సరిపోలదట. పోనీ, అసలు ఫైలు ఇస్తే పోల్చుకోవచ్చు కదా అంటే మాకు ఎక్కడా ఇవ్వలేదు, నిగనిగలాడే కాగితం మీద అగ్గిపెట్టెంత బొమ్మలు చేతిలో పెడతారు. కన్ను మా అమ్మది. డబ్బు మాది. బొమ్మ మాత్రం వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. గూని ఉన్నవాళ్లకు, వినపడనివాళ్లకు మళ్లీ మళ్లీ ఈ ప్రయాణాలు ఎలా కుదురుతాయో ఎవరైనా ఆలోచించారా? వృద్ధులకే ఎక్కువగా వచ్చే జబ్బుకు, వృద్ధులు కూర్చోలేని చోట పరీక్ష పెట్టి, సహకరించలేదని వాళ్ల మీదే రాస్తారు. ఆ మాట ఇకనైనా రాయకండి.

అన్నయ్య డబ్బు సర్దాడు, వదిన పిల్లలను చూసుకుంది. మా వారు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. వాళ్లకు ప్రత్యేకంగా చెప్పేదేముంది.

ఇంజెక్షను ఇచ్చిన డాక్టరుగారికి నమస్కారాలు. ఇది ముందే రాయవలసింది. లిఫ్టు పనిచేయకపోతే అమ్మను చక్రాల కుర్చీతో సహా పైకి మోసిన ఇద్దరు వార్డుబాయిలకు, వెళ్లేటప్పుడు కింది బెర్తు ఇచ్చి పైకెక్కిన కాలేజీ కుర్రాడికి, మందుల కొట్టులో చిల్లర తరువాత ఇవ్వండి అన్న పెద్దాయనకు కూడా.

అయ్యో, ఎదురింటి పిన్నిగారిని మరిచాను. మేము ఊళ్లో లేని ప్రతిరోజూ మా వాకిట్లో నీళ్లు చల్లి చుక్కలు పెట్టింది ఆవిడే.