గుమ్మానికి ఎదురుగా ఉన్నది వేరు కాదు, ప్రాణి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో మన తెలుగువారి గృహప్రవేశాలకు వెళ్లినప్పుడు, సింహద్వారానికి ఎదురుగా అద్దాల ఫ్రేములో నల్లని వల లాంటి వస్తువొకటి ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. అది ‘ఇంద్రజాల్’ అనే అరుదైన అడవి వేరనీ, ఇంట్లో ఉంటే నరదృష్టి తగలదనీ, వాస్తుదోషాలు పోతాయనీ చెప్పి అమ్ముతున్నారు. నిజానికి అది సీ ఫ్యాన్ అనే సముద్ర జీవి అస్థిపంజరం.

పగడాలకు దగ్గరి చుట్టమైన సీ ఫ్యాన్ ఒక్క ప్రాణి కాదు, అసంఖ్యాకమైన పాలిప్‌లు కలిసి కట్టుకున్న కాపురం. ఈకల వంటి ఎనిమిది స్పర్శకాలున్న ఆ చిన్న జీవులు నీటిలో కొట్టుకువచ్చే సూక్ష్మజీవులను పట్టి తింటాయి. ప్రవాహానికి అడ్డంగా విచ్చుకుంటేనే ఆహారం దొరుకుతుంది కనుక చాలా రకాలు విసనకర్రలా పలకగా పెరుగుతాయి. కొమ్మల లోపలి కాడ గోర్గోనిన్ అనే ప్రొటీనుతో తయారవుతుంది. పైపొర పూర్తిగా రాలని ముక్కను భూతద్దంతో చూస్తే పాలిప్‌లు ఉండిన గుంటలు సూది బెజ్జాల్లా కనిపిస్తాయి. ఏ చెట్టు వేరుకూ అవి ఉండవు. పద్దెనిమిదో శతాబ్దం దాకా పండితులు సైతం వీటిని మొక్కలనే భావించారు కాబట్టి, నమ్మి కొన్నవారిని నేను నిందించను. తెలిసి అమ్మేవారి సంగతి వేరు.

ఒక్క సీ ఫ్యాన్‌ను పెరికితే దానిమీద ఆధారపడినవీ పోతాయి. 1969లో న్యూ కాలెడోనియాలో అక్వేరియం కోసం సేకరించిన సీ ఫ్యాన్‌ను పరిశీలిస్తుండగా, దాని కొమ్మల రంగులోనే, వాటిమీది బొడిపెలతోనే కలిసిపోయి ఉన్న రెండు సెంటీమీటర్ల సముద్రగుర్రం బయటపడింది. ఆ జాతి కొన్ని రకాల సీ ఫ్యాన్‌ల మీద తప్ప మరెక్కడా బతకదు.

మన తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలోనూ సీ ఫ్యాన్‌లున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో 2001లో వీటిని చేర్చారు. అందువల్ల వీటి వ్యాపారం నేరం. అయినా ఆన్‌లైన్‌లో బహిరంగంగానే అమ్మకాలు సాగుతున్నాయి. ఈ పార్శిళ్లపై అటవీ శాఖ నిఘా పెంచాలి. వాస్తు శీర్షికల్లో గానీ ప్రకటనల్లో గానీ ‘ఇంద్రజాల్’ పేరుతో దీనికి చోటివ్వవద్దని తమ పత్రికను వినయంగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
టీ.నగర్, చెన్నై