ఇంటి దారి గీయమన్నాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఆరో తరగతిలో పటాల పాఠం అయిపోయాక మా సోషల్ టీచర్ పిల్లలకు ఒక పని పెట్టారు. ఇంటి నుంచి బడి దాకా వచ్చే దారిని, ఎవరినీ అడగకుండా, తెల్ల కాగితం మీద గీయాలి. మార్కులు లేవు. ఆ కట్ట నా టేబుల్ మీదికి వచ్చింది. సంతకం పెట్టి పంపిద్దామని తీశాను. సాయంత్రం ఆయమ్మ గదికి తాళం వేయడానికి వచ్చేదాకా అవే చూస్తూ కూర్చున్నాను.

చాలా కాగితాల్లో ఒక మూల ఇల్లు, ఇంకో మూల బడి, మధ్యలో స్కేలు పెట్టి కొట్టిన గీత. అంతే. కాజీపేట నుంచి రోజూ వచ్చే పిల్ల కాగితంలో రైల్వే బ్రిడ్జి కూడా లేదు. ఒకబ్బాయి మాత్రం గుడి, పెట్రోల్ బంకు, టీ కొట్టు అన్నీ వరుసగా గీశాడు కానీ కుడిపక్కవి ఎడమకు, ఎడమపక్కవి కుడికి వచ్చాయి. టీచర్ తప్పు దిద్దబోతే వాడు ఊరుకోలేదు. "నేను ఆటోల చెక్క మీద ఎనక్కి తిరిగి కూసుంట టీచర్. నాకు గుడి ఈ పక్కనే వస్తది" అన్నాడు. నిజమే కదా. వాడు చూసిన ఊరు వాడు గీశాడు.

అన్నిటికంటే నిండుగా ఉన్న కాగితం ఎవరిదో పేరు చెప్పనులెండి. క్లాసులో సాధారణంగా వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి. తెల్లవారుజామున వాళ్లమ్మతో భద్రకాళి గుడి దగ్గరికి పూలబుట్ట మోసుకుంటూ నడిచి వెళ్లి, అక్కడి నుంచి ఇంటికొచ్చి, మళ్లీ నడిచి బడికి వస్తుంది. వాన పడితే ఏ గల్లీలో మోకాళ్ల దాకా నీళ్లు నిలుస్తాయో, అప్పుడు ఏ సందులోంచి తిరిగి రావాలో, కుక్క ఎక్కడ పడుకుంటుందో, నాలా వాసన ఎక్కడ మొదలవుతుందో అన్నీ ఉన్నాయి. ఒకే చోటికి మూడు దారులు గీసింది. నాకు తెలిసినవి రెండే.

1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హీన్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద చేసిన ఒక ప్రయోగం ఉంది. రెండు కూనల్ని ఒక తిరుగుడు దూలానికి చెరో చివర కట్టారు. ఒకటి తన కాళ్లతో నడుస్తుంది. రెండోది బుట్టలో కూర్చుంటుంది, మొదటిది నడిచినప్పుడల్లా బుట్ట తిరుగుతుంది. రెండూ చూసే గోడలు ఒకటే. మిగతా సమయమంతా చీకట్లోనే ఉంచేవారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, నడిచిన కూనకు ఎక్కడ లోతుందో, ఎక్కడ కాలు చాచాలో తెలిసింది. బుట్టలో కూర్చున్నదానికి తెలియలేదు. కళ్లు బాగానే ఉన్నాయి, కానీ చూసినదానికీ కదలికకూ ముడి పడలేదు. తర్వాత వెలుతురులో దాని మానాన దాన్ని తిరగనిస్తే అదీ నేర్చుకుంది. ఆ ప్రయోగం చదివినప్పుడల్లా నాకు మన గేటు ముందు ఆగే ఆటోలే గుర్తొస్తాయి. ఆటో అన్నలను తప్పు పట్టడం లేదు. ఉదయం ఎనిమిదిన్నరకు హన్మకొండ చౌరస్తాలో ట్రాఫిక్ ఎట్లుంటుందో నాకూ తెలుసు.

పేరెంట్స్ మీటింగులో ఈ కాగితాలు చూపిస్తే ఒక నాన్నగారు నవ్వుతూ, "మావాడికి దారులు గుర్తుండవు మేడం, పుట్టుకే అంత" అన్నారు. లండన్‌లో టాక్సీ నడపాలంటే నగరం నడిబొడ్డున ఉన్న దాదాపు 25,000 వీధులు నోటికి రావాలి. మోపెడ్ మీద మూడు నాలుగేళ్లు తిరిగి తిరిగి నేర్చుకుంటారు. ఎలినార్ మగ్వైర్ అనే శాస్త్రవేత్త బృందం 2000లో ఆ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేసింది. దారులను గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ అనే భాగం, దాని వెనుకవైపు, మామూలువాళ్ల కంటే వాళ్లకు పెద్దగా ఉంది. అదే ఊళ్లో రోజూ ఒకే రూటులో తిరిగే బస్సు డ్రైవర్లకు అట్లా లేదు. పుట్టుకతోనే పెద్దదేమో అనే అనుమానం వస్తుంది కదా, అందుకే టాక్సీ కోసం వీధుల చదువు మొదలుపెట్టినవాళ్లను మొదటి నుంచి వెంటపడి చూసి 2011లో ఇంకో పరిశోధన వెలువరించారు. మొదట్లో అందరివీ ఒకేలా ఉన్నాయి. చదువు పూర్తిచేసి పాసైనవాళ్లకే పెరిగింది. కాబట్టి ఆ నాన్నగారికి నా జవాబు, మీ అబ్బాయి పుట్టుకను ఏమీ అనకండి సార్, బండి వెనక సీటును అనండి.

ఇక నా సంగతి. మాది పరకాల దగ్గర పల్లె. మా అన్న ఎనిమిదేళ్లకే బర్రెలు తోలుకొని చెరువు కట్ట దాటి, గుట్ట అవతలి దాకా పోయేవాడు. నా హద్దు చేదబావి. బావి దాటితే మా బాపమ్మ కేక వినిపించేది. ఇంటర్‌కు హన్మకొండ వచ్చిన మొదటి వారం బస్టాండు నుంచి హాస్టలుకు దారి తప్పి ఏడుస్తూ నిలబడితే, అన్న వచ్చి తీసుకుపోతూ "ఆడివిల్లలకు దారులు తెల్వయ్" అన్నాడు. నేనూ నమ్మాను. చాన్నాళ్లు నమ్మాను.

ఆ నమ్మకం పోగొట్టింది మా ఉద్యోగమే. ప్రైవేటు బళ్లలో మే నెల వస్తే అడ్మిషన్ల కోసం టీచర్లు ఇంటింటికీ తిరగాలని మీకు తెలుసు. మండుటెండలో కరపత్రాలు పట్టుకొని కొత్తవాడ, మట్టెవాడ, గిర్మాజీపేట, రామన్నపేట గల్లీలన్నీ నడిచాను. తిట్టుకుంటూనే నడిచాను. నాలుగు వేసవులు గడిచేసరికి అన్న వరంగల్ వచ్చినప్పుడల్లా నన్నే అడగడం మొదలుపెట్టాడు.

ఇది నా ఒక్కదాని కథ కాదని తర్వాత తెలిసింది. ఫోన్లో పడవ నడిపే ఆట ఒకటి తయారుచేసి, దేశదేశాల్లో లక్షలాది మందితో ఆడించి, ఎవరు దారి ఎట్లా పట్టుకుంటారో శాస్త్రవేత్తలు చూశారు. సగటున మగవాళ్లకు ఎక్కువ మార్కులే వచ్చాయి. కానీ ఆ తేడా అన్ని దేశాల్లో ఒకేలా లేదు. ఆడా మగా మధ్య అసమానత ఎక్కువున్న దేశాల్లో ఎక్కువగా, తక్కువున్న దేశాల్లో తక్కువగా ఉందని 2018లో ప్రకటించారు. అదే ఆట ఆధారంగా 2022లో ఇంకో సంగతి చెప్పారు. 38 దేశాల లెక్కలు తీస్తే, నగరాల బయట పెరిగినవాళ్లు మొత్తం మీద దారి పట్టడంలో మెరుగు. గళ్ల కాగితంలా తిన్నని వీధులున్న నగరాల్లో పెరిగినవాళ్లకు వంకర దారులు కష్టమయ్యాయి. ఆ లెక్కన మన పాత వరంగల్ గల్లీలు పిల్లలకు మంచి బడే. మనమే అడ్మిషన్ ఇప్పించడం లేదు.

అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగానే చెప్తున్నాను. భయం నాకూ ఉంది, నాకూ కూతురుంది. ఒంటరిగా పంపమనడం లేదు. తోడు వెళ్లండి, కానీ వెనక నడవండి. ఆదివారం కూరగాయలకు వెళ్లేటప్పుడు ఏ మలుపు తిరగాలో ఆమెనే చెప్పనివ్వండి. తప్పు మలుపు తిరిగితే పది నిమిషాలు పోతాయి, పోనివ్వండి. తమ్ముడికి సైకిల్ కొని అక్కకు ఆటో మాట్లాడే ఇళ్లు మన బడిలో చాలానే ఉన్నాయి. ఫీజు రిజిస్టరు చూస్తే నాకు తెలిసిపోతుంది.

పెద్దవాళ్లు చేయగలిగింది ఇంకొకటి ఉంది. మన పల్లెల్లో ఇప్పటికీ తూర్పు బాయి, పడమటి చెలక అంటారు. ఇంట్లో ఈశాన్యం మూల చీపురు పెడితే ఊరుకోరు. అదే పిల్లలు బజారులోకి వచ్చాక దిక్కులన్నీ పోయి, ఫోన్లో గొంతు చెప్పే కుడి, ఎడమలే మిగులుతాయి. తాతలు, బాపమ్మలు ఉన్న ఇళ్లలో వాళ్ల చేత ఊరి పొలాల దారులు చెప్పించండి. ఎప్పుడో మూతపడ్డ టాకీసుల పేర్లతో అడ్రసులు చెప్తారని విసుక్కోకండి.

ఈ నెల మూడో శనివారం ఆరు, ఏడు తరగతుల పిల్లలను ఖిలా వరంగల్ తీసుకెళ్తున్నాం. ఇది పిక్నిక్ కాదు. కోట రాతిగోడ దర్వాజల్లోంచి దారి నేరుగా లోపలికి పోదు, మలుపులు తిరిగి పోతుంది. శత్రువు ఒక్క ఊపున దూసుకు రాకుండా కాకతీయులు అట్లా కట్టారు. పిల్లలు ఆ మలుపులు దాటాక, ఇప్పుడు మీ మొఖం ఏ దిక్కుకుంది అని అడుగుతాం. పోయినేడు టీచర్లలోనే సగం మంది తప్పు చెప్పారు. నేనూ వాళ్లలో ఉన్నాను. తర్వాత కీర్తి తోరణాల దగ్గరికి వెళ్తాం. నాలుగు దిక్కులకు నాలుగున్నాయి, చూడటానికి నాలుగూ ఒకేలా ఉంటాయి. ఒకదాని కింద నిలబడి అది ఏ దిక్కుదో చెప్పాలంటే ఎండను చూడాల్సిందే. డిసెంబర్‌లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక ఆగ్నేయం వైపు ఒరిగి ఉదయిస్తాడు. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి, తొందరపడితే తప్పుతారు.

బస్సులు ఉదయం 7 గంటలకు బయలుదేరతాయి. స్వెట్టర్, నీళ్ల సీసా, పెన్సిల్ చాలు. ఫోన్లు వద్దు. వెంట రాగలిగిన తల్లిదండ్రులు క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి, సెక్షన్‌కు నలుగురు కావాలి.

అనుమతి స్లిప్పు ఈ లేఖ అడుగున ఉంది. దాని వెనుక ఖాళీలో, బడి గేటు నుంచి మీ ఇంటికి ఎట్లా రావాలో మీ పిల్లలు రాస్తారు. దయచేసి దిద్దకండి, లొకేషన్ పంపకండి. సంక్రాంతి సెలవుల తర్వాత సాయంత్రాలు నేను కొందరి ఇళ్లకు ఆ కాగితం ఒక్కటే పట్టుకొని వస్తాను. దారి తప్పితే ఫోన్ చేస్తాను. ఎత్తగానే పిల్లలకే ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు