కళ్ళు మసకబారిన పాముకు తిండి పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో పెంపుడు జంతువుల గురించి రాసేటప్పుడు కుక్కలు, పిల్లులు, చేపల దగ్గరే ఆగిపోతున్నారు. పాముల్ని పెంచేవాళ్ళూ ఉన్నారండీ. వాళ్ళలో కొత్తవాళ్ళు ఎక్కువగా టెన్షన్ పడేది ఒక్క విషయానికే, నిన్నటిదాకా ఎలుకను చూపిస్తే చాలు లటుక్కున పట్టేసిన పాము ఉన్నట్టుండి తల తిప్పేసుకుంటుంది. జబ్బు చేసిందేమోనని రోజూ మూతి దగ్గర ఎలుకను ఆడిస్తారు, కొందరైతే నోరు తెరిచి కుక్కేస్తారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

కుబుసం విడిచే ముందు చాలా పాములు తిండి మానేస్తాయి, అందుకే ముందు దాని కళ్ళు చూడండి. పాముకు కనురెప్పలు ఉండవు, కంటిని కప్పి అద్దంలాంటి పొలుసు ఒకటి ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడి వస్తుంది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరినప్పుడు కళ్ళు తెల్లగా, కాస్త నీలంగా మసకబారతాయి, ఒంటి రంగు కూడా వెలిసిపోతుంది. అప్పుడు సరిగా కనపడక ప్రతిదానికీ బెదురుతుంది, చెయ్యి పెడితే కరవడానికీ వస్తుంది. కొన్ని రోజులకు కళ్ళు మళ్ళీ తేటపడతాయి. ఇక అయిపోయిందనుకుని చాలామంది అప్పుడే ఎలుకను పెట్టేస్తారు, కానీ కుబుసం ఊడేది ఇంకా కొన్ని రోజుల తర్వాతే.

ఈ సమయంలోనూ తినే పాములు లేకపోలేదు, తిన్నంత మాత్రాన ఏదో అయిపోతుందని భయపెట్టను. అయినా ఆపడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. చూపు సరిగా లేని పాము ముందు బతికున్న ఎలుకను వదిలితే అదే పామును కొరికి గాయం చేస్తుంది, లోపల ఉన్న కొత్త చర్మం ఇంకా లేతగా ఉంటుంది. పైగా బెదిరిన పాము మింగింది కక్కేయొచ్చు. కక్కితే మళ్ళీ 10 నుంచి 14 రోజులు కడుపుకి విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాత కూడా చిన్న ఎలుకతోనే మొదలుపెట్టాలి. దానికన్నా ఒక పూట తిండి మానేస్తే పోయేదేముంది? ఒంటి వేడి కోసం పాము తిండిని ఖర్చు చేయదు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము వారాల తరబడి తినకుండా ఉండగలదు.

అప్పుడు దానికి కావాల్సింది తేమ. బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువకి పెట్టెలోని గాలిలో తేమ మామూలుగా 60 శాతం పైన ఉండాలి, కుబుసం ముందు ఇంకాస్త పెంచాలి. అలాగని పెట్టె అడుగంతా తడిపేస్తే పొట్టకింద పొలుసులు కుళ్ళుతాయి, కాబట్టి దాక్కునే డబ్బా ఒక్కదాంట్లో తడి నాచు వేసి పెడితే సరిపోతుంది. ముక్కు రాసుకోవడానికి గరుకు రాయో కొమ్మో ఉంచి, ఇక దాన్ని ముట్టుకోకండి.

ఊడిన కుబుసాన్ని వెంటనే పారేయకుండా రెండు కంటి పొరలూ, తోక చివరా వచ్చాయో లేదో వెతకండి. తోక దగ్గర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక ఆ చివర చచ్చుపడిపోతుంది, గోరువెచ్చని తడిగుడ్డ చుట్టి మెల్లగా వదిలించాలి. కంటి పొర మిగిలితే మాత్రం పట్టకారుతో లాగకండి, కన్నే పోవచ్చు, అది డాక్టరు చూడాల్సిన పని. అంతా శుభ్రంగా వచ్చాక ఒకటి రెండు రోజులు ఆగి, పాము ఒళ్ళు ఎక్కడ లావుగా ఉందో అంతకు మించని ఎలుకను పెట్టండి, చాలావరకు ఆకలి మీదే ఉంటుంది.

కుబుసం విడిచాక కూడా తినకుండా బరువు తగ్గుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట్లో నురగ కనపడినా అది వేరే సంగతి, ఆలస్యం చేయకూడదు. అలాంటి లక్షణాల గురించి పాముల వైద్యం తెలిసిన డాక్టరు ఎవరితోనైనా మీ పత్రికలో వివరంగా రాయించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు