అభ్యంతరం చెప్పినవారు లేరు, అయినా 23 నెలలు

సంపాదకులకు నమస్కారం.

మా వారు 2023 ఆగస్టులో పోయారు. కిరాణా కొట్టు మీద కూడబెట్టిన 6 లక్షల 40 వేలు ఆయన ఒక్కరి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాయి. నామినీ గడి ఖాళీ. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం బ్యాంకుకు తీసుకువెళితే, అది చాలదు, కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు.

2024 జనవరిలో పిటిషన్ వేశాం. వారసులం నలుగురం: నేను, ఇద్దరు కూతుళ్లు, మా అత్తగారు. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు సొమ్ముపై తల్లికీ మాతో సమానంగా వాటా ఉంటుందని అప్పుడే తెలిసింది. మాలో మాకు తగవు లేదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలంటూ పత్రికలో ప్రకటన వేయించమన్నారు. అందులో మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. మళ్లీ డబ్బు కట్టి మళ్లీ వేయించాం. ఆపైన వేసవి సెలవులు, న్యాయవాదుల విధుల బహిష్కరణ, జడ్జిగారి బదిలీ. సాక్ష్యానికని ఎనభై నాలుగేళ్ల అత్తగారిని ఆటోలో తీసుకువెళ్లి సాయంత్రం దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాం. ఆ రోజు మా కేసు పిలవనే లేదు.

పదిహేనో నెలలో ఆవిడ కన్నుమూశారు. దాంతో ఆవిడ వాటాకు ఖరగ్‌పూర్‌లో ఉంటున్న మా ఆడపడుచును కేసులో చేర్చాల్సి వచ్చింది. "నాకు పైసా వద్దు వదినా" అంటూనే పాపం రైలెక్కి వచ్చి వకాలత్ మీద సంతకం పెట్టి వెళ్లింది. ఇలా మరో ఎనిమిది నెలలు.

1925 నాటి భారత వారసత్వ చట్టమే ఇలాంటి పిటిషన్లకు సంక్షిప్త విచారణ చాలంటోంది. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో చెల్లించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు గడువు పెట్టింది. మరి ఆ కాగితం కోర్టు నుంచి రావడానికి గడువేది? తగవులున్న కేసుల జోలికి నేను పోను. ప్రకటన గడువు దాటినా ఎవరూ అడ్డుచెప్పని పిటిషన్లను వేరే జాబితాగా పిలిచి, మూడు నెలల్లో తేల్చేలా హైకోర్టు చూడాలని నా మనవి. నామినీ లేకున్నా 15 లక్షల దాకా కోర్టు పత్రం అడగకుండా చెల్లించమని 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. మంచిదే, మాకు అందలేదంతే. అంతకు మించి ఉన్నవారికి మాత్రం కోర్టు గడప తప్పకపోవచ్చు.

డిసెంబరులో సొమ్ము వచ్చాక మళ్లీ డిపాజిట్ చేయబోతే, కౌంటరులో అమ్మాయి సంతకాలు పెట్టాల్సిన చోటల్లా టిక్కులు పెట్టి ఫారం ఇచ్చింది. నామినీ గడి దగ్గర టిక్కు లేదు. నేనే అడిగి కూతుళ్లిద్దరి పేర్లూ రాశాను.

— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా