పోబ్రె అంటే పేదవాడేనా?

బంగారూ,

నిన్న ఫోన్‌లో "అమ్మా, స్పానిష్‌లో పోబ్రె విశేషణమా, నామవాచకమా? డిక్షనరీలో రెండూ ఉన్నాయి" అని అడిగావు. డ్యూటీలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను.

రెండూ నిజమే. మన 'పేద' లాగే. 'పేద రైతు'లో విశేషణం, 'పేదలు' అంటే నామవాచకం. తేడా ఏమిటంటే, పేద రైతులు అన్నా మన 'పేద' మారదు. స్పానిష్‌లో విశేషణానికీ బహువచనం వస్తుంది. కాంపెసీనోస్ పోబ్రెస్ అంటే పేద రైతులు, లోస్ పోబ్రెస్ అంటే పేదలు. అందుకే మాట చివర చూడకు, పక్కన చూడు. పక్కన రైతో, ఇల్లో ఉంటే అది విశేషణం. అలాంటిదేమీ లేకుండా ముందు ఎల్, లా, లోస్ (ఇంగ్లీషు 'ది' లాంటివి) మాత్రమే ఉంటే నామవాచకం. మనం పేదవాడు, పేదరాలు అనే చోట వాళ్లు ఎల్ పోబ్రె, లా పోబ్రె అంటారు.

ఇంతవరకు గ్రామర్ పుస్తకంలోనే ఉంటుంది. నేను తెలుసుకున్నది వార్డులో.

హ్యూస్టన్ వచ్చిన కొత్తలో ఒక పెద్దావిడ పేషెంట్ మాటిమాటికీ "మి పోబ్రె మరీదో" అనేది. మరీదో అంటే భర్త అని తెలుసు. ఇంట్లో జరుగుబాటు లేదేమో అనుకుని, బిల్లు తగ్గించమని పెట్టుకునే ఫారం తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని చూసి, పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. ఆయన పోయి రెండు నెలలే అయిందట. ఆవిడ అంటున్నది "పాపం, మా ఆయన" అని. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఒంబ్రె పోబ్రె అంటే డబ్బు లేని మనిషి. పోబ్రె ఒంబ్రె అంటే, పాపం, జాలిపడాల్సిన మనిషి. అతను లక్షాధికారి కూడా కావచ్చు. ముందుకొస్తే మనసు సంగతి, వెనకుంటే జేబు సంగతి అని నేను గుర్తుపెట్టుకున్నాను. నామవాచకంగా వాడినప్పుడు ముందూ వెనకా ఉండదు కాబట్టి, సందర్భమే చూసుకోవాలి. జ్వరంతో ఉన్న పిల్లాడిని చూసి ఎవరైనా "ఎల్ పోబ్రె" అంటే "పాపం వాడు" అనే. ఇంకా ముద్దుగా పోబ్రెసీతో అంటారు.

వియెహో కూడా ఇలాంటిదే. వియెహో అమీగో అంటే ఏళ్ల నాటి స్నేహితుడు, అమీగో వియెహో అంటే వయసు మళ్లిన స్నేహితుడు. ఎల్ వియెహో అంటే ఎవరో నువ్వే చెప్పు.

శనివారం వచ్చేటప్పుడు నోట్సు తెచ్చుకో. గోంగూర పప్పు చేసి ఉంచుతాను.

అమ్మ