ఆ పాట రెండుసార్లు విను

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? జవాబు రాయడం ఆలస్యమైంది, ఏమనుకోకు. నాలుగు రోజులుగా రాత్రిళ్ళు అమెరికా నల్లజాతి గాయని, నటి లీనా హార్న్ పాటలు వింటూ కూర్చుంటున్నాను. ఆవిడ గురించి నీతో చెప్పుకుంటే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆవిడది న్యూయార్క్, బ్రూక్లిన్‌లో 1917లో పుట్టింది. పదహారేళ్ళకే అదే ఊళ్ళో నల్లవాళ్ళ పేట హార్లెం పేరు మోసిన కాటన్ క్లబ్‌లో గ్రూప్ డాన్సర్‌గా చేరింది. అక్కడ ఆడిపాడేది నల్లవాళ్ళు, టేబుళ్ళ దగ్గర కూర్చుని చూసేది తెల్లవాళ్ళు. 1942కల్లా హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. సినిమా స్టూడియోతో కాంట్రాక్టు కుదిరింది. ఇంకేం, దశ తిరిగిందనుకున్నాను నేను కూడా.

కానీ చాలా సినిమాల్లో ఆవిడకి వేషమంటూ లేదురా! మంచి గౌను వేసుకుని, ఏ స్తంభానికో ఆనుకుని ఒక పాట పాడుతుంది, అంతే. పక్కవాళ్ళతో మాట ఉండదు, కథతో పని ఉండదు. ఎందుకో తెలుసా? అమెరికా దక్షిణాది రాష్ట్రాల హాళ్ళలో ఆ ముక్క కత్తిరించేసేవాళ్ళు. తీసేసినా కథ తెగకుండా ఉండాలని ముందే అలా విడిగా తీశారు. సెకండ్ షో ఆలస్యమైతే మన ఊరి హాల్లో పాట ఎగరగొట్టేవాళ్ళు, గుర్తుందా, ఎంత గోల చేసేవాళ్ళం! అక్కడ టైము చాలక కాదు, మనిషి రంగు చూసి తీసేశారు. అది తెలిశాక ఆ పాటల్లో ఆవిడ నవ్వుతుంటే నేను సరిగ్గా చూడలేకపోతున్నాను.

1943లో అందరూ నల్లవాళ్ళే నటించిన రెండు సినిమాల్లో మాత్రం అసలైన పాత్రలు దొరికాయి. ఒకటి 'స్టార్మీ వెదర్'. ఆ పేరుతో ఉన్న పాట చివరిదాకా ఆవిడ పాటగానే ఉండిపోయింది. 1951లో 'షో బోట్' తీసినప్పుడు జూలీ అనే మిశ్రమ జాతి స్త్రీ పాత్ర ఉంది. అది కూడా తెల్ల నటి ఏవా గార్డ్‌నర్‌కే వెళ్ళింది.

అలాగని తలవంచుకుని ఉండే మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికుల కోసం పాడటానికి వెళ్తే, ఒక క్యాంపులో జర్మన్ ఖైదీలని ముందు కూర్చోబెట్టి, నల్ల సైనికులని వాళ్ళ వెనక్కి నెట్టారు. ఆవిడ స్టేజి దిగి, ఖైదీలని దాటుకుని, తనవాళ్ళ దగ్గరికి వెళ్ళి పాడింది. సొంత దేశపు సైనికుడి కంటే శత్రువు ఖైదీకి మంచి సీటు! ఇప్పటికీ ఒళ్ళు మండుతోందిరా.

1950ల్లో, కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో పని ఇవ్వకుండా పక్కన పెట్టే బ్లాక్‌లిస్టు వల్ల సినిమాలు, టీవీ దూరమయ్యాయి. క్లబ్బుల్లో పాడుకుంటూ నెట్టుకొచ్చింది. 1963లో నల్లవాళ్ళ హక్కుల కోసం వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో పాల్గొంది. తర్వాత 1970, 71ల్లో నాన్న, కొడుకు, భర్త ఒకరి వెనక ఒకరు పోయారు. దాని గురించి నేనేం రాయను?

ఇదంతా అయ్యాక, 1981లో, అరవై మూడేళ్ళ వయసులో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కేంద్రం బ్రాడ్వేకి వచ్చి తన జీవితాన్నే షోగా నిలబెట్టింది. పేరు 'ద లేడీ అండ్ హర్ మ్యూజిక్'. 333 ప్రదర్శనలు! ఇక్కడ ఆవిడని తీసేస్తే షోనే లేదు. 2010లో, తొంభై రెండేళ్ళకి పోయింది. 2022లో అదే బ్రాడ్వేలో ఒక థియేటర్‌కి ఆవిడ పేరు పెట్టారు. నల్లజాతి స్త్రీ పేరు అక్కడి థియేటర్‌కి పెట్టడం అదే మొదటిసారి.

ఆ షో రికార్డింగ్ దొరుకుతుంది, తప్పకుండా విను. అందులో 'స్టార్మీ వెదర్' రెండుసార్లు పాడుతుంది. మొదటిది విని ఆపేయకు. రెండోది వచ్చేదాకా కూర్చో, విన్నాక ఎంత రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి.

నీ
బావ