ట్రైపాడ్ బరువు, ఎత్తు తప్పుగా చూపించారు, డబ్బు వాపసు ఇవ్వండి

కస్టమర్ కేర్ వారికి,

మీ కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ (కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు) నేను కొన్నది ఒక్క అంకె చూసి. పెట్టె మీదా సైట్‌లోనూ 'బరువు 1.1 కిలోలు' అని పెద్ద అక్షరాల్లో ఉంది. రోజంతా వీపు మీద సామాను మోస్తూ కొండలెక్కేవాళ్లం ముందు చూసేది అదే, ఆ సంగతి మీకూ తెలుసు. ఇంటికొచ్చాక బాల్ హెడ్ (కెమెరాని కావలసిన వైపు తిప్పి బిగించే పై భాగం), కెమెరా అడుగున తగిలించే ప్లేటు బిగించి తూకం వేస్తే 1.48 వచ్చింది. తూకంలో తేడా ఉందేమోనని ఇంకో దాని మీద పెట్టి చూశాను, అక్కడా అంతే. మీకు రాస్తే రెండు రోజుల తర్వాత 'ఆ బరువు కాళ్లది మాత్రమే' అని జవాబొచ్చింది. హెడ్ లేకుండా కెమెరా ఎక్కడ బిగించాలండీ? అది నేను విడిగా కొన్నది కాదు, మీ పెట్టెలోనే వచ్చింది.

ఎత్తు కూడా అంతే. 150 సెంటీమీటర్లు అన్నారు, మధ్య కాలమ్ మొత్తం పైకి లాగితేనే అంత వస్తుంది, లేదంటే 124. కాలమ్ లేపితే మూడు కాళ్ల మీద నిలవాల్సిన కెమెరా ఒక్క గొట్టం మీద నిలబడినట్టవుతుంది, చిన్న గాలికే ఊగుతుంది.

మడిస్తే పొట్టిగా ఉండాలని ఒకదాంట్లో ఒకటి దూరే ఐదు భాగాల కాళ్లు ఎంచుకున్నది నేనే, అడుగు గొట్టాలు సన్నగా ఉంటాయని తెలుసు, దానికి మిమ్మల్ని అనను. కానీ ఎంత సన్నగా ఉన్నాయో మీరెక్కడా రాయలేదు. గోడ మందం అంతే ఉండి గొట్టం వ్యాసం సగమైతే వంగకుండా నిలిచే బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అంటే బరువు కంటే ముందు చెప్పాల్సిన అంకె అది.

నాకు బాగా బాధ కలిగించింది మాత్రం హెడ్డే. 10 కిలోలు మోస్తుందన్నారు. నా కెమెరా, లెన్స్ కలిపి 1.6 కిలోలు. రాత్రంతా నడిచి పొద్దు పొడవక ముందే శిఖరం చేరాను, లోయ నిండా పొగమంచు, 20 సెకన్ల పాటు షట్టర్ తెరిచి ఉంచే ఎక్స్‌పోజర్లు పెడుతుంటే బిగించిన హెడ్ మెల్లగా కిందకి జారుతూనే ఉంది. కాలమ్ దించేశాను, అడుగు భాగాలు లోపలికి తోసేశాను, కొక్కేనికి బ్యాగు తగిలించి అది ఊగకుండా నేలకి ఆనించాను, షట్టర్ వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ పెట్టాను, ఇంతకంటే ఏం చేయాలో నాకు తెలియదు. ముప్పై ఫోటోల్లో రెండే పనికొచ్చాయి. విరగకుండా మోయడం వేరు, కదలకుండా పట్టుకోవడం వేరు. మీ 10 కిలోలు ఈ రెండింట్లో దేనికో రాయండి.

వాపసు గడువు పది రోజులే అంటున్నారు. ట్రైపాడ్ సంగతి కొండ మీదే తెలుస్తుంది, నేను కొన్న మూడు వారాలకి గానీ వెళ్లలేకపోయాను. పైగా పెట్టె మీద అంకె సరిగ్గా లేనప్పుడు గడువు మాట ఎత్తడం న్యాయం కాదు. మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి, హెడ్ మార్చి పంపుతామంటే నాకొద్దు. హెడ్‌తో కలిపి బరువు, కాలమ్ దించినప్పటి ఎత్తు, అడుగు గొట్టం వ్యాసం, ఈ మూడూ మీ సైట్‌లో అదే సైజు అక్షరాల్లో పెట్టండి.

బిల్లు, తూకాల ఫోటోలు, కదిలిపోయిన ఫోటోల్లో నాలుగు జత చేశాను. పెట్టె, సంచీ, బిగించే షట్కోణపు తాళంచెవి (అలెన్ కీ) అన్నీ భద్రంగా ఉన్నాయి, పికప్‌కి ఎప్పుడొస్తారో చెప్పండి.